అరవై మీద ముల్లు

ఫిబ్రవరి 6

ఇది చీరల కంపెనీ వాళ్ళు ఏటా మా దుకాణానికి పంపే డైరీ. అక్కడ ఎవరూ ముట్టుకోవడం లేదని ఇంటికి తెచ్చుకున్నాను. కందిపప్పు డబ్బా వెనక పెడతాను. పెళ్ళయిన ముప్పై ఏళ్ళలో మా ఆయన ఆ డబ్బా జోలికి ఒక్కసారి కూడా పోలేదు కాబట్టి బ్యాంకు లాకరు కంటే భద్రం.

ఈ రోజు ఒక పని చేశాను. ఎవరికీ చెప్పుకోలేను, చెప్పకుండానూ ఉండలేను. అందుకే రాస్తున్నాను.

బండి మీటరు మీద అంకెలు ఎండకు ఎప్పుడో వెలిసిపోయాయి. తెల్లటి చక్రం మీద ముల్లు ఒక్కటే ఊగుతుంటుంది. మా ఆయన దాన్ని చూసి ఒకసారి యాభై అంటాడు, ఒకసారి డెబ్భై అంటాడు. అడిగేవాళ్ళు లేరు కదా. నిన్న మెకానిక్ సీమోను మీటరు విప్పి ఆ డయల్ చేతికిచ్చాడు. బస్టాండు దగ్గర స్టిక్కర్ల జీవన్ కుమార్‌తో దాని కొలతకు కొత్తది కొట్టించుకొస్తే అంటించి బిగిస్తానన్నాడు. మా ఆయనకు పెళ్ళిళ్ళ బేరాలు, ఊపిరాడటం లేదు. నన్ను పంపాడు.

పంపకుండా ఉండాల్సింది.

జీవన్ కుమార్ కంప్యూటర్లో చక్రం గీసి, సున్నా, ఇరవై, నలభై అంటూ అంకెలు పేర్చి, "చూడక్కా, కంపెనీ దానికంటే బాగొచ్చింది" అన్నాడు.

"బాగుంది. నలభై అయిదు రావాల్సిన చోట అరవై పెట్టు. అరవై రావాల్సిన చోట ఎనభై పెట్టు. మిగతావి కూడా అదే వరసన జరుపు."

"అట్ల పెడితే బండి నలభై అయిదులో పోతుంటే అరవై చూపిస్తాదక్కా."

"చూపించాలనే."

వాడు పని ఆపి నా వైపు తిరిగాడు. "అన్నకు తెలుసా?"

"తెలిసేదైతే నేనెందుకొస్తా?"

"తప్పు గదక్కా?"

"పోయిన నెల మీ అన్న కంభం రోడ్డులో రంగయ్య మేకల మందలోకి దూరినాడే, అది ఒప్పా?"

జీవన్ కుమార్ మళ్ళీ కంప్యూటరు వైపు తిరిగాడు. ఆ మేకల కథ గిద్దలూరులో తెలియని వాళ్ళు లేరు. మేకలకేమీ కాలేదు. మా ఆయన మోకాలికి తొమ్మిది కుట్లు పడ్డాయి. కుట్లు మానీ మానకముందే మళ్ళీ అదే రోడ్డు, అదే జోరు. అరిచాను, అలిగాను, ఏడ్చాను. "అరవై దాటను, సరేనా?" అన్నాడు. అరవై దాటని మనిషికి అరవై ఎక్కడుంటే ఏం?

నేను చేసిన దాంట్లో తప్పు లేదు. ఒక కాగితం మార్పించాను, అంతే.

ఫిబ్రవరి 7

సీమోను ఇంటి ముందే బిగించాడు. కొత్త డయల్ అంటించి, చిన్న స్క్రూలు రెండు తిప్పి, ముల్లును సున్నా మీద కూర్చోబెట్టాడు. "అంకెలు కొంచెం దగ్గర దగ్గరగా ఉండాయే" అని గొణిగాడు. "ఇప్పుడొచ్చే మోడలు అట్లనే" అన్నాను. నా నోట్లోంచి ఆ మాట ఎంత నున్నగా వచ్చిందో నాకే ఆశ్చర్యం.

మా ఆయన బండి చుట్టూ మూడు సార్లు తిరిగాడు. పెళ్ళిచూపుల్లో నన్ను కూడా అంత శ్రద్ధగా చూడలేదు.

ఫిబ్రవరి 9

ఏం జరగలేదు. బండి చప్పుడు వినిపించినప్పుడల్లా గుమ్మంలోకి పోయి చూస్తున్నాను.

ఫిబ్రవరి 12

కంభం పోయే దారిలో కొంత దూరం రోడ్డూ రైలు పట్టాలూ పక్కపక్కనే ఉంటాయి. అక్కడ పాసింజరు రైలుతో పోటీ పెట్టుకోవడం మా ఆయనకు కుర్రతనం నుంచీ అలవాటు. రైలుకు మాత్రం ఈ సంగతి తెలియదు.

ఈ రోజు రైలు గెలిచింది. ఇంటికొచ్చి చెప్పులు కూడా విప్పకుండా మొదలుపెట్టాడు. "కరెంటు లైను ఏసినాక రైళ్ళ స్పీడు పెంచినారు నాగలక్ష్మీ. నేను అరవైలో ఉండా. అయినా సర్రున దాటి పోయింది."

"అవునా?" అన్నాను చారులో ఉప్పు చూసుకుంటూ.

సాయంత్రం దుకాణంలో జాకెట్టు గుడ్డకొచ్చిన ఆడవాళ్ళకు కూడా రైల్వే అభివృద్ధి గురించి చెప్పాడట. వాళ్ళు విని, గుడ్డ చింపించుకుని వెళ్ళిపోయారు.

ఫిబ్రవరి 17

రంగయ్య తువ్వాళ్ళకు దుకాణానికొచ్చాడు. మా ఆయన లోపల ఉన్నప్పుడు నాతో మెల్లగా, "అక్కా, అన్న శానా మారినాడు. నా మేకలు రోడ్డు దాటేదాకా నిలబడినాడు. పొయ్యేటప్పుడు చెయ్యి కూడా ఊపినాడు" అన్నాడు.

ఇంటికొచ్చి దేవుడికి కొబ్బరికాయ కొట్టాను. ఏ శుభానికని అడిగితే మంగళవారమన్నాను. ఈ రోజు మంగళవారం కాదు, ఆయన గమనించలేదు.

ఫిబ్రవరి 25

గాలి ఎదురుగా ఉందట, అందుకే ఆలస్యమైందట. కంభం పోయేటప్పుడూ ఎదురే, వచ్చేటప్పుడూ ఎదురే. మా ఆయన మీద గాలికి కూడా పగ ఉన్నట్టుంది.

నేను చేసిన దాంట్లో తప్పు లేదు. మోకాలు బాగా మానింది.

మార్చి 4

బండిని సీమోను దగ్గర చూపించాడు. ప్లగ్గు మార్చి, చైను బిగించి, "బండికి ఏ రోగమూ లేదన్నా" అని పంపాడు సీమోను. మా ఆయన సోఫాలో కూర్చుని చేతి గడియారం విప్పి చెవి దగ్గర పెట్టుకున్నాడు. ఏమైందని అడిగితే, "ఏం లేదు, ఈ మధ్య యాడికి పోయినా కొంచెం ఆలస్యమైతుంది" అన్నాడు.

కాఫీ ఇచ్చాను. చక్కెర ఒక చెంచా ఎక్కువ వేశాను.

మార్చి 12

రాయాలని లేదు. అయినా రాస్తాను.

శ్రీశైలమ్మ పెద్దమ్మది కంభం పక్క పల్లె. మా మామగారి కాలం నుంచి వాళ్ళింట్లో ఏ పెళ్ళికైనా మధుపర్కాలు మా దుకాణం నుంచే. ఈ రోజు ఆమె మనవరాలి పెళ్ళి. మొన్ననే కొసలకు పసుపు పెట్టి, చేతిలో పెట్టి పంపాము. పొద్దున తొమ్మిదిన్నరకు కంభం మండపం నుంచి ఫోను. మడత విప్పితే పెళ్ళికొడుకు పంచె మీద తుప్పు మరక ఉందట. గుండుసూది తీయకుండా మడత పెట్టినట్టున్నాము. పెళ్ళికి మరక పంచె ఎలా కడతారు? ముహూర్తం పదీ పన్నెండుకు.

మా ఆయన కంగారు పడలేదు. కొత్త జత తీసి, మడత మడతా తడిమి చూసి, సంచిలో పెట్టుకున్నాడు. "ముప్పై రెండు కిలోమీటర్లు. అరవైలో పోతే ముప్పై రెండు నిమిషాలు. పదీ ఏడుకు నేనాడుంటా" అన్నాడు. అప్పుడు సరిగ్గా తొమ్మిదీ ముప్పై అయిదు.

నాకు లెక్క తెలుసు. గుమ్మంలో నిలబడి ఉన్నాను. "ఆ అరవై అరవై కాదు, ఎనభై దాకా పోండి" అనాలి. అంటే ఆయన నిజంగా అరవైలో పోతాడు, అంతే కదా. ఆ మాట నాలుక చివరి దాకా వచ్చింది. నా నోట్లోంచి వచ్చింది మాత్రం, "అరవై దాటొద్దు."

"దాటనులే" అన్నాడు.

దాటలేదు. పదీ పద్దెనిమిదికి చేరాడు. అప్పటికి జీలకర్ర బెల్లం అయిపోయింది. పెళ్ళికొడుకు తన మేనమామ పంచె అడిగి కట్టుకుని పీటల మీద కూర్చున్నాడు. శ్రీశైలమ్మ పెద్దమ్మ అందరి ముందరా, "మీ నాయన ఉంటే ఇట్ల జరుగునా నాయనా?" అందట.

ఆయన ఇంటికొచ్చి సంచి బల్ల మీద పెట్టాడు. "ముల్లు చూస్తానే పోయినా నాగలక్ష్మీ. అరవై మీంచి జరగలే. యాడా ఆగలే. పదీ ఏడుకు చేరాల్సినోణ్ణి పదీ పద్దెనిమిదికి చేరినా. పదకొండు నిమిషాలు యాడ పోయినాయి?"

నేను సంచిలోంచి మధుపర్కాలు తీసి బీరువాలో పెట్టాను.

మార్చి 13

అన్నం సగంలో లేచిపోయాడు.

నేను చేసిన దాంట్లో

మార్చి 15

పొద్దున పూజ గదిలోంచి ఏవో మంత్రాలు వినిపిస్తుంటే ఇంత భక్తి ఎప్పటి నుంచా అని తొంగి చూశాను. మంత్రాలు కావు, పదమూడో ఎక్కం. వెనక నుంచి ముందుకు చదువుతున్నాడు. నూట ముప్పై, నూట పదిహేడు, నూట నాలుగు...

మధ్యాహ్నం వంటింట్లోకి వచ్చి, "నిన్న సాయంత్రం ఏం టిఫిను తిన్నాం? ఉండు, నువ్వు చెప్పొద్దు. ఉప్మా. ఉప్మానే గదా?" అన్నాడు.

"ఉప్మానే" అన్నాను.

"ఆఁ" అని వెళ్ళిపోయాడు. పరీక్ష పాసయిన పిల్లవాడిలా ఉంది ముఖం. నాకు నవ్వొచ్చింది. నవ్వు సగంలో ఆగిపోయింది.

మార్చి 18

బండి తాళం తెచ్చి నా చేతిలో పెట్టాడు. "ఇంక నేను తోలను. ఊళ్ళ మీదికి బస్సులో పోతా."

"ఎందుకు?"

"నాయనకు మొదలైంది కూడా ఇట్లనే" అన్నాడు.

మా మామగారు చివరి మూడేళ్ళు ఈ లోకంలో లేరు. పొద్దున అనుకుని సాయంత్రం దుకాణం తెరవమనేవారు. ఒకే తానును గజం బద్దతో కొలిచి, మళ్ళీ కొలిచి, మళ్ళీ కొలిచేవారు. ఆఖరికి కొడుకును చూసి "ఏం కావాల నాయనా, పంచెలా?" అని అడిగారు. మా ఆయన ఆ రోజు "పంచెలే" అన్నాడు, వెనక్కి తిరిగి కళ్ళు తుడుచుకున్నాడు. నేను చూశాను.

"ఆయనకు కూడా మొదట్లో సమయమే తెలియకుండ పోయింది" అన్నాడు. "మధ్యలో యాడనో ఆగింటా నాగలక్ష్మీ. ఆగి, ఆగినట్టు మర్చిపోయింటా. లేకుంటే పదకొండు నిమిషాలు యాడికి పోతాయి?"

అప్పుడే చెప్పాల్సింది.

మార్చి 19

బండి వరండాలో ఉంది, తాళం నా దగ్గర ఉంది. రోడ్డు మీద ఆయన లేడు, మేకలూ క్షేమం. నేను కోరుకున్నది ఇదే.

ఇదే కదా?

మార్చి 21

మార్కాపురంలో నరాల డాక్టరు దగ్గర పేరు రాయించాడట, నాకు చెప్పకుండానే. తోడు రమ్మన్నాడు. బస్సులో పోయాము. టోకెను పద్నాలుగు. లోపల ఎనిమిదో మనిషి ఉన్నాడు.

బెంచీ మీద కూర్చుని నా చెవి దగ్గరకు వంగాడు. "ఈ రోజు తేదీ అడుగుతాడంట. నెల అడుగుతాడంట. మూడు వస్తువుల పేర్లు చెప్పి, కాసేపాగి మళ్ళీ చెప్పమంటాడంట. నాకు గుర్తు రాకుంటే నువ్వు మాత్రం అందియ్యొద్దు. నాకు నిజం తెలియాల."

ఇంక నా వల్ల కాలేదు.

"మీకేం కాలేదు" అన్నాను.

"అది డాక్టరు గదా చెప్పాల్సింది?"

"మీకేం కాలేదండీ. తప్పు మీటరుది. అంకెలు నేనే మార్పించినా, జీవన్ కుమార్‌తో చెప్పి. మీరు మేకల్లో పడినారని. మళ్ళీ పడతారని."

ఆయన నా వైపు చూశాడు. అరుస్తాడనుకున్నాను. గొంతు చాలా మామూలుగా ఉంది. "అరవై అంటే ఎంత?"

"నలభై అయిదు."

ఎదురుగా ఉన్న గోడను చూస్తూ పెదాలు కదిపాడు. వేళ్ళు తొడ మీద ఆడాయి. "ముప్పై రెండు కిలోమీటర్లు... నలభై అయిదులో... నలభై మూడు నిమిషాలు. తొమ్మిదీ ముప్పై అయిదుకు నలభై మూడు కలిపితే పదీ పద్దెనిమిది." ఒక్కసారి లేచి నిలబడ్డాడు. "నా పదకొండు నిమిషాలు! దొరికినాయి!"

నవ్వడం మొదలుపెట్టాడు. కళ్ళల్లో నీళ్ళు కారేదాకా నవ్వాడు. కాంపౌండరు వచ్చి, "పెద్దాయనా, ఇది ఆస్పత్రి" అన్నాడు. "నాకు బాగైపోయింది నాయనా. నా టోకెను ఇంకెవురికన్నా ఇయ్యి" అని చీటీ అతని చేతిలో పెట్టాడు. బెంచీ మీద వాళ్ళందరూ ఆ డాక్టరు హస్తవాసి గురించి చెప్పుకోవడం మొదలుపెట్టారు. ఈయన ఇంకా లోపలికి కూడా పోలేదు.

బస్టాండు వచ్చేదాకా నవ్వాడు. బస్సెక్కాక నా పక్కన కూర్చోలేదు. డ్రైవరు వెనక సీట్లో కూర్చున్నాడు. గిద్దలూరు వచ్చేదాకా ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు.

మార్చి 22

మాట్లాడటం లేదు. చెప్పాల్సినవి గోడకు చెప్తున్నాడు. "గోడా, చారులో ఉప్పు తక్కువైంది." "గోడా, నేను దుకాణానికి పోతుండా."

మార్చి 23

"గోడా, ఆయనకు మజ్జిగ కావాల్నేమో అడుగు" అని నేను కూడా గోడకే చెప్పాను. గోడ నాకు జవాబివ్వలేదు. ఆయనా ఇవ్వలేదు.

మార్చి 25

ఈ రోజు దుకాణంలో చీరలు మడత పెడుతుంటే మాట్లాడాడు. చీర ఆ కొస ఆయన చేతిలో, ఈ కొస నా చేతిలో ఉంది.

"మీటరు మార్పించినావు, సరే. పడతానని భయపడినావు, అదీ సరే. నేను తొమ్మిది దినాలు నాయన లెక్క అయిపోతుండానని లోపల లోపల చస్తుంటే, పక్కనే కూసోని చూసినావే. అదే నాకు..."

కొస తెచ్చి నా చేతిలో పెట్టి, ఇంకో చీర అందుకున్నాడు.

నేను చేసిన దాంట్లో తప్పుంది. అంకెలు జరిపిన రోజు కాదు. గుమ్మంలో నోరు మూసుకున్న రోజు, ఉప్మానే అని ఊరుకున్న రోజు, తాళం తీసుకున్న రోజు. అయినా మళ్ళీ ఆయన పడితే అన్న భయం ఇప్పటికీ ఉంది. ఈ రెండూ ఒకే గుండెలో ఎలా ఉన్నాయో నాకు తెలియదు.

మార్చి 26

ఆయనే జీవన్ కుమార్ దగ్గరకు పోయి సరైన డయల్ కొట్టించుకొచ్చి, సీమోనుతో బిగించుకున్నాడు. ఆయన్ని చూడగానే జీవన్ కుమార్ లోపలికి పారిపోబోయాడట. "యాడికి పోతావురా, మీ అక్క రాలేదులే, నేనే వచ్చినా" అన్నాడట. ఇది కూడా నాకు చెప్పలేదు, గోడకే చెప్పాడు. కానీ ఈసారి చెప్తూ నవ్వాడు.

మార్చి 28

పొద్దున నా దగ్గర తాళం తీసుకుని, బండి తీసి, "ఎక్కు" అన్నాడు. ఎక్కడికని అడగలేదు. ఒడిలో సంచి పెట్టాడు, అందులో బీరువాలోని మధుపర్కాలు. రోడ్డు పక్క దుకాణంలో ఆగి హెల్మెట్ కొని తలకు బిగించుకున్నాడు. నాలుగేళ్ళుగా నేను కొనమన్నప్పుడల్లా తల దురద పెడుతుందన్న మనిషి.

శ్రీశైలమ్మ పెద్దమ్మ వరండాలో చింతకాయ దంచుతోంది. ఆయన సంచి ఆమె ముందు పెట్టి, "ఆ దినం బండి మీటరు తప్పు చూపించింది పెద్దమ్మా. తప్పు నాదే" అన్నాడు.

ఆమె రోకలి ఆపింది. "మేం పంతులు చెప్పినప్పుడు పెండ్లి చేసినాం గాని, నీ మీటరు చూసి చేసినామా ఏంది? ఎవురు బిగించినారు ఆ మీటరు?"

"నేనే చూసుకోలే" అంటున్నాడు ఆయన. మీరు ఆగండన్నాను. "అంకెలు మార్పించింది నేను పెద్దమ్మా. మెల్లగా పోవాలని. ముందరే చెప్పింటే ఈయన సమయానికి వచ్చుండేవాడు."

ఆమె నన్ను కింది నుంచి పైకి చూసింది. పళ్ళు లేని నోరంతా తెరిచి నవ్వింది. "నేను మా ముసలాయన చుట్టలు కుండనీళ్ళల్లో ముంచి పెట్టిందాన్ని. దగ్గు తగ్గుతాదని. ఇంత మాత్రం జెయ్యకుంటే మొగోళ్ళు ఇండ్లకు చేరతారా?" అంది. మళ్ళీ రోకలెత్తి, "కాకపోతే నేను చెప్పే ముంచినా" అంది.

పెళ్ళయిన మనవరాలికి మధుపర్కాలు ఇచ్చి, పానకం తాగి బయల్దేరాము. వచ్చేటప్పుడు ముల్లు యాభై దాటలేదు. నేను భుజం మీంచి చూస్తూనే ఉన్నాను. సగం దారిలో రోడ్డు పక్కకు తీసి బండి ఆపాడు. దిగలేదు, వెనక్కి తిరగలేదు.

"నాయనకు వచ్చింది నాకూ వస్తాదో రాదో" అన్నాడు. "వస్తే నాకంటే ముందు నీకే తెలుస్తాది. ఆ దినం నాకు చెప్పు. నేను బాధపడతానని కాగితాలు మార్చొద్దు. ఉప్మా కాకుంటే ఉప్మా కాదని చెప్పు."

"చెప్తా" అన్నాను.

"ఒట్టెయ్యి."

చెయ్యి చాపి ఆయన తల మీద పెట్టాను. ఎండకు కాలిపోతున్న హెల్మెట్ తగిలింది. అది చాలనుకుని చెయ్యి తీయబోయాను.

ఆయన గడ్డం కింద క్లిప్పు విప్పి, హెల్మెట్ తీసి ట్యాంకు మీద పెట్టుకున్నాడు. జుట్టంతా చెమటకు అతుక్కుపోయి ఉంది.

"ఇప్పుడు పెట్టు" అన్నాడు.

పెట్టాను.